ఎంతలో పెట్టాలి

భార్గవ్‌కి గిటారు శబ్దం పెంచే పాత వాల్వు ఆంప్ దొరికిన రోజు ఇంట్లో పండగే. నెల తిరిగేసరికి అదే తగువైంది.

లోపలున్న గాజు వాల్వులు ఎర్రగా కాగితే తప్ప ఆ ఆంప్ పలకదు. పలికిందంటే మాత్రం గిటారుకి గొంతొచ్చినట్టే ఉండేది. చిక్కల్లా ఒక్కటే. ఆ గొంతు రావాలంటే వాల్యూమ్ సగానికి పైగా తిప్పాలి. అంత తిప్పితే కింది వాటాలో గిన్నెలు కదిలేవి. తగ్గిస్తే నీళ్ల మజ్జిగలా ఉండేది శబ్దం.

కింది వాటాలో ఉండే ఇంటాయన మంచివాడే. ఒకటి రెండుసార్లు మర్యాదగా చెప్పి చూశాడు. ఆ తర్వాత, ఆ పెట్టె ఉండాలో మీరుండాలో తేల్చుకోండి అన్నాడు.

భార్గవ్ చెయ్యని ప్రయత్నం లేదు. ఆంప్‌ని గోడకేసి తిప్పాడు. మీద బొంతలు కప్పాడు. ఆంప్‌కీ స్పీకరుకీ మధ్య పెడితే జోరు తగ్గుతుందని ఎవరో చెబితే ఒక డబ్బా తెప్పించి పెట్టాడు. జోరు తగ్గింది. దాంతోపాటు ప్రాణమూ పోయింది.

భార్య ఇందుమతి ఏమీ అనేది కాదు. మొదట్లో వంటింట్లోంచి పిలిచేది. పిలిచి పిలిచి విసుగొచ్చి, గుమ్మం దగ్గరున్న స్విచ్చి నొక్కి ఆ గదిలో లైటు ఆర్పి వెలిగించడం అలవాటు చేసుకుంది. లైటు ఒకసారి ఆరి వెలిగితే భోజనానికి రమ్మని. రెండుసార్లయితే ఎవరో వచ్చారని. ఈ ఏర్పాటు భార్గవ్‌కి తెగ నచ్చేసింది. స్నేహితులకి గొప్పగా చెప్పుకునేవాడు.

చివరికి ఒక ఆదివారం సాయంత్రం ఆంప్‌ని ఆటోలో ఎక్కించుకుని జ్ఞానాపురం వెళ్లాడు. అక్కడ లూర్దయ్య మాస్టారు ఉంటారు. హోటళ్లలో, పెళ్లిళ్లలో, ఆర్కెస్ట్రా స్టేజీల మీద జీవితమంతా గిటారు వాయించి, ఇప్పుడు ఇంట్లోనే పాఠాలు చెబుతున్నారు. భార్గవ్‌కి ఆయనే గురువు.

మాస్టారంటే శిష్యులకి భక్తి. ఆయనేం చేసినా అందులో ఏదో ఉందనుకుంటారు. వాయించేటప్పుడు ఆయన బాగా వంగి, గిటారు పై అంచుకి దవడ ఆనించి కళ్లు మూసుకుంటారు. శిష్యులందరూ అలాగే వంగి దవడ ఆనిస్తారు, మెడలు పట్టేసినా సరే. ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఆయన మన మొహమ్మీంచి చూపు తిప్పరు. అది ప్రేమ. వెనకనుంచి ఏదైనా అడిగితే జవాబివ్వరు. ఆ మౌనానికి ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటారు.

భార్గవ్ తన గోడు వెళ్లబోసుకున్నాడు. మాస్టారు అతని మొహంలోకే చూస్తూ చివరిదాకా విన్నారు.

"ఇంట్లో ఎంతలో పెడతావో ఇక్కడా అంతలోనే పెట్టు," అన్నారు.

భార్గవ్ ఆంప్ పెట్టి, వాల్వులు కాగేదాకా ఆగి, వాల్యూమ్ కొద్దిగా తిప్పి వాయించాడు. చిత్రంగా ఆవేళ బాగానే పలికింది. ఆ గది గుణమో, మాస్టారి ఎదుట కూర్చున్న గుణమో తెలీదు. పాట మొత్తం వాయించాడు, వంగి, దవడ ఆనించి. అయ్యాక తలెత్తాడు.

మాస్టారు చేతులు ఒళ్లో పెట్టుకుని ఓపిగ్గా చూస్తున్నారు.

"తీగలు సరిచూసుకున్నావుగా. ఇక మొదలుపెట్టు," అన్నారు.

భార్గవ్ ఒళ్లు జలదరించింది. ఎంత మాటన్నారు అనుకున్నాడు. ఇన్నేళ్లూ తను వాయించింది తీగలు సరిచూసుకోవడమే అన్నమాట. ఈ మాటని మిగతా శిష్యులకి ఎలా చెప్పాలో కూడా మనసులో ఒకసారి అనేసుకున్నాడు. కళ్లు చెమర్చగా మళ్లీ వాయించాడు, ఇందాకటికన్నా శ్రద్ధగా.

"ఏటయ్యా, ప్లగ్గు సరిగ్గా పెట్టావా?" అన్నారు మాస్టారు.

భార్గవ్ ఆంప్ వైపు చూశాడు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. అతని వేలు తీగ మీదే ఉంది. ఆ స్వరం ఇంకా గదిలో మోగుతూనే ఉంది.

అతని మొహం చూడగానే మాస్టారికి సంగతి తెలిసిపోయింది. లేచొచ్చి, భార్గవ్ పక్కన నేల మీద కూర్చుని, అతని గిటారు అంచుకి తన దవడ ఆనించారు.

"ఇప్పుడు వాయించు."

భార్గవ్ వాయించాడు. మాస్టారు కళ్లు మూసుకున్నారు.

"ఆఁ, బాగుంది," అన్నారు. "ఎముకలోంచి వస్తుంది. చెవిలోంచి రాదు. స్టేజీ మీద ఎప్పుడూ ఆంప్‌కి వీపు ఆనించే నిలబడేవాణ్ణి. పెద్దగా పెడితేనే బాగుండేది మరి."

భార్గవ్ తన దవడ తడుముకున్నాడు. ఏదో అడగబోయి, ఆయనకి ఎదురుగా జరిగి కూర్చుని అడిగాడు. "చెవికి మిషను పెట్టుకోలేదేం మాస్టారూ?"

"మిషను పెట్టుకున్నోడి దగ్గర పాట నేర్చుకోడానికి ఎవులొస్తారు?"

ఆయన గోడ మీది ఫొటో వైపు చూశారు. భార్య రోజమ్మ గారి ఫొటో. ఆవిడని భార్గవ్ బాగా ఎరుగును. పాఠం మధ్యలో టీ తెచ్చి, మాస్టార్ని పిలవకుండా మెల్లగా భుజం తట్టి ఇచ్చేవారు. అదీ శిష్యులకి ముచ్చటగానే ఉండేది.

"ఆసుపత్రిలో ఆఖరి రోజున నన్నేదో అడిగింది," అన్నారు మాస్టారు. "మూతికి మాస్కు. పెదాలు కనబడవు. ఏంటన్నాను. మళ్లీ చెప్పింది. ఇంకోసారి అడగడానికి సిగ్గేసింది, చుట్టూ జనం. సరేనన్నాను. తృప్తిగా కళ్లు మూసుకుంది."

భార్గవ్ తల దించుకున్నాడు.

"దేనికి సరేనన్నానో నాకింకా తెలీదు," అన్నారు మాస్టారు.

భార్గవ్ వైర్లు చుట్టాడు, ఆంప్‌కి గుడ్డ కప్పాడు. గుమ్మం దాకా వెళ్లాక ఆగి, మాస్టారికి కనబడేలా ఇటు తిరిగాడు.

"ఇంట్లో ఎంతలో పెట్టాలి మాస్టారూ?"

"లోపలి గదిలోంచి మీ ఆవిడ పిలిస్తే నీకు వినపడాలి. అంతలో పెట్టు."

మర్నాడు సాయంత్రం భార్గవ్ ఇంట్లో ఆంప్ మీది బొంతలు తీసేశాడు. డబ్బా తీసేశాడు. వాల్యూమ్ అంతలోనే పెట్టి, నిటారుగా కూర్చుని వాయించాడు. శబ్దం కొంచెం పలచగానే ఉంది. ఈసారి అతనికేమీ అనిపించలేదు. వంటింట్లో పోపు వేగడం వినపడింది. ఇందుమతి ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఆమె పాడుతుందని అతనికి ఇన్నాళ్లూ తెలీదు.

కుక్కరు మూత తీసిన చప్పుడైంది. కంచాలు పెట్టిన చప్పుడైంది. ఇక పిలుస్తుంది అనుకుని, వేళ్లు తీగల మీదే ఉంచి ఆగాడు.

అడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చింది. లైటు ఆరి, వెలిగింది.