రణమల్లుడి ఏనుగు సవారీ

మల్లెకోట పెద్దరాజుగారికి ఒక ఉదయం సరదా పుట్టింది. యుద్ధం గెలిచిన వీరుణ్ణి ఏనుగెక్కించి ఊరేగించాలి, మహాసేనానిని చెయ్యాలి.

చిక్కేమిటంటే, మూడేళ్లు కొట్టుకున్నది ఆయనా, ఆయన సొంత తమ్ముడు చిన్నరాజూను. ఇప్పుడు రాజీపడి ఇద్దరూ ఒకే సింహాసనం మీద ఇరుక్కుని కూర్చున్నారు.

"కోటలోయ ఆఖరి యుద్ధం గెలిచిందెవరయ్యా?" అన్నాడు పెద్దరాజు.

"నేనే ప్రభూ!" అంటూ రణమల్లుడు ముందుకొచ్చాడు.

ఈయన సంగతి కాస్త చెప్పాలి. యుద్ధం మొదలైనప్పుడు ఈయన మామూలు బంటు. మధ్యాహ్నం అన్నాలకు రెండు సేనలూ ఆగేవి. అటూ ఇటూ ఉన్నది బావలూ బావమరుదులే కదా, పచ్చళ్లు మార్చుకునేవారు. ఆ సందట్లో రణమల్లుడు ఎవరు గెలిచేటట్టున్నారో చూసుకుని, చెయ్యి కడుక్కుని అటువైపు లేచేవాడు. వచ్చిన ప్రతిసారీ అటువాళ్లు మురిసిపోయి ఒక మెట్టు పెద్ద పదవి ఇచ్చేవారు. అలా రెండువైపులా దండనాథుడయ్యాడు. ఒంటిమీద ఒక్క గీత లేదు. ఇంత సిగ్గులేని మనిషి గురించి నేనింకెక్కడా వినలేదు.

"వీరుడికి జరగాల్సిన మర్యాదల్లో ఒక్కటీ తగ్గకూడదు," అన్నాడు రణమల్లుడు. "ఇంకో మనవి. ఉత్తరద్వారం కావలి ఓబుళయ్య మూడేళ్లలో ఒక్క యుద్ధమూ గెలవలేదు. అతన్ని కొలువులోంచి తీసెయ్యండి."

ఓబుళయ్య ఆ మూడేళ్లూ ద్వారం వదలలేదు. ఒక చెవి కూడా పోగొట్టుకున్నాడు. కొలువు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. పాపం, నోరు లేనివాడు, కొలువులో ఎదురుగానే నిలబడి తల దించుకున్నాడు.

పెద్దరాజు తాంబూలానికి చెయ్యి చాచాడు. ఆకులు చుట్టి ఇచ్చే కంబయ్య సున్నం రాస్తూ అన్నాడు:

"ఏనుగును తెప్పించండి ప్రభూ. మన ఆచారం ప్రకారం ఓడిన దండనాథుడు గడ్డి కరిచి, గెలిచినవాడి చెప్పులు నెత్తిన పెట్టుకుని ఏనుగు ముందు నడవాలి కదా. చిన్నరాజావారూ, కోటలోయలో పొద్దున తమ దండనాథుడెవరు?"

"ఈ రణమల్లుడే! మధ్యాహ్నం నుంచి కనిపించకపోతే చచ్చిపోయాడనుకుని ఏడ్చాను కూడా."

"పెద్దరాజావారూ, సాయంత్రం తమ దండనాథుడు?"

"ఇతనే! నా చేత్తో కంకణం తొడిగాను."

కంబయ్య తాంబూలం అందించాడు.

"అయితే రణమల్లుడుగారు తన చెప్పులు తానే నెత్తిన పెట్టుకుని, తానెక్కిన ఏనుగు ముందు తానే నడవాలి."

ఏనుగును తోలుకొచ్చిన మావటివాడికి నిజంగానే సందేహం వచ్చింది. "దొరా, ముందు ఎక్కుతారా, నడుస్తారా?"

రణమల్లుడు చేతులు జోడించాడు. "పొద్దున నేను లేను ప్రభూ!"

"లేవా? నా పక్కనే కదయ్యా గుర్రమెక్కావు!" అని చిన్నరాజు గుడ్లురిమాడు.

"అయితే సాయంత్రం లేను! జ్వరంతో పడుకున్నాను. ఆ యుద్ధం నేను గెలవనే లేదు!"

"మరి ఎవరు గెలిచారు?"

రణమల్లుడు దిక్కులు చూశాడు. ఎదురుగా కనిపించిందొక్కరే.

"ఓబుళయ్య! ఓబుళయ్యే గెలిచాడు ప్రభూ!"

"అంటే ఓడింది తమరు," అన్నాడు కంబయ్య. "ఓబుళయ్య మామా, ఆ చెప్పులు ఇలా విప్పు."

మూడేళ్లలో మొదటిసారి అన్నదమ్ములిద్దరూ ఒకే మాటకు నవ్వారు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని మరీ నవ్వారు. పెద్దరాజు ముత్యాలహారం తీసి కంబయ్య మెడలో వేశాడు. చిన్నరాజు కొత్త మహాసేనాని ఓబుళయ్యకు చెయ్యందించి ఏనుగెక్కించాడు. రణమల్లుడు మాత్రం చెప్పులు నెత్తిన పెట్టుకుని, మెత్తటి గడ్డి ఎక్కడుందో వెతుక్కుంటూ ముందు నడిచాడు.