ఎండను దాచుకున్న నల్లరాళ్లు

అనగనగా, చలి ఎక్కువగా ఉండే ఒక కొండ మీద ఒక అడవి. ఆ అడవిలో ఒక ఆచారం. చలికాలమంతా గుహలో నెగడు ఆరకూడదు. నెగడుకు కాపలా ఎలుగుబంటి తాత. కట్టెలు తెచ్చేది ఏనుగు కొండన్న.

ముందు ఎండుపుల్లలు అయిపోయాయి. తర్వాత ఎండిన మానులు అయిపోయాయి. ఇక పచ్చని చెట్ల వంతు వచ్చింది.

"రేపు ఇప్పచెట్టు పడగొడతాను" అన్నాడు కొండన్న.

ఆ మాట విని ఉడుత బుర్రి పరుగెత్తుకొచ్చింది. ఆ చెట్టు తొర్రలోనే దాని పిల్లలున్నాయి. ఇంకా కళ్లు తెరవని పసికూనలు.

"మామా, మామా! కాస్త ఆగు!"

"నేను ఆగుతాను. చలి ఆగుతుందా? గుహలో లేడిపిల్లలు వణుకుతున్నాయి. రేపు సాయంత్రానికి కట్టెలైనా ఉండాలి, వేడైనా ఉండాలి."

"వేడి నేను తెస్తాను!" అనేసింది బుర్రి. అనేసింది సరే, ఎక్కడినుంచి తెస్తుంది?

ఆకులు ఎండలో ఆరబెట్టింది. నీడకు తెచ్చేసరికి చల్లారాయి. ఇసుక పలచగా పరిచింది. అదీ అంతే. కొమ్మ మీదకు, నేల మీదకు, మళ్లీ కొమ్మ మీదకు, ఒకటే పరుగు. పొద్దు గూకింది.

దారిలో నల్లరాతి మీద తొండ ఒకటి హాయిగా పడుకుని ఉంది.

"ఎందుకే అంత కంగారు? పైకి రా, వెచ్చగా ఉంది" అంది.

బుర్రి కాలు పెట్టింది. ఎండ పోయి ఎంతసేపైందో! అయినా రాయి వెచ్చగానే ఉంది!

(పిల్లలూ, మీరూ సాయంత్రం ఒక నల్లరాతి మీద చెయ్యి పెట్టి చూడండి. లావుపాటి నల్లరాయి ఎండను తాగి దాచుకుంటుంది.)

తెల్లవారగానే కొండన్న చెట్టు దగ్గరికి వచ్చాడు. తొండం మానుకు చుట్టాడు.

"మామా, ఆ బలంతోనే నల్లరాళ్లు ఎండలోకి మోసిపెట్టు! అవి వేడిని దాచుకుంటాయి."

"నా తోకంత కూడా లేవు, నాకు పని చెబుతావా?"

"చెట్టు ఎక్కడికీ పోదు. సాయంత్రం వేడి లేకపోతే నువ్వే తోసెయ్."

కొండన్న చెట్టు వైపు చూశాడు. తొర్రలోంచి కిచకిచ వినిపించింది. తొండం విప్పాడు.

గొణుక్కుంటూనే రాళ్లు మోశాడు. కొట్టేసిన చెట్ల చోటంతా ఎండే. అక్కడ పరిచాడు. సాయంత్రం గుహలోకి చేర్చాడు. ఎలుగు తాత నెగడులోని నిప్పును బూడిద కింద దాచి, రాళ్లపై ఎండుగడ్డి కప్పాడు. లేడిపిల్లలు ఆనుకున్నాయి. వణుకు తగ్గింది.

"ఇది అడవంతటికీ సరిపోతుందా?" అడిగాడు కొండన్న.

"ఎండ ఎవరినైనా వదిలేసి కాసిందా మామా? మనమే పట్టుకోలేదు."

"మరి మబ్బు పడితే?" అన్నాడు తాత.

బుర్రి తోక ఆడించింది. "రాళ్లు ఇంకా ఎక్కువ పెడదాం. రాలిన పుల్లలు ఆ రోజుకు దాచుకుందాం."

వేసవి రాగానే ఇప్పపూలు రాలాయి. అందరికన్నా ముందు ఏరుకుని తిన్నది ఎవరనుకున్నారు? కొండన్నే! చెట్టు పైనుంచి బుర్రి పిల్లలు నవ్వాయి.

"మామా, మాకూ కొన్ని ఉంచు!"

నీతి: ఆకాశం రోజూ ఇచ్చే వెలుగు అందరి అవసరానికీ సరిపోతుంది; దాన్ని పట్టి దాచుకునే తెలివి ఉంటే, నీడనిచ్చే చెట్టును కొట్టెయ్యనక్కర్లేదు.