జిలానీ సిలిండరు

కనకాచారి మేస్త్రికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పడు, చేతిలో పని పెడతాడు. గాజువాక ఆటోనగర్‌లో ఆయన దగ్గర లేతు పని నేర్చినవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. సింహాద్రికీ తెలుసు. అయినా ఆ రోజు జవాబే కావాలని నిప్పు తొక్కిన కోతిలా ఎగురుతూ వచ్చాడు.

కోపమంతా జిలానీ మీద. పన్నెండేళ్ళుగా ఇద్దరూ కలిసి కాలేజీలకు అరచేతిలో పట్టే ఆవిరి ఇంజన్లు చేసి ఇస్తున్నారు. సిలిండరు పని జిలానీది, పిస్టన్ పని సింహాద్రిది. నిన్న కాలేజీవాళ్ళు చూస్తుండగా ఇంజన్లోంచి కాస్త ఆవిరి కారింది. నీ పిస్టన్ కంటే జల్లెడ నయం అని జిలానీ నవ్వాడు. నలుగురిలో పరువు తీసినవాడితో ఇక పొత్తేమిటి, షెడ్డు పంచేసుకుంటానని సింహాద్రి పట్టుబట్టాడు.

"నోరు జారింది వాడు మేస్త్రీ. మాట కలపాల్సింది నేనా?"

సాక్ష్యానికని అతను సంచిలో తెచ్చిన ఆ ఇంజన్నే మేస్త్రి బల్ల మీద పెట్టించి, ముందు ఆవిరి కారకుండా చూడమన్నాడు.

సింహాద్రికీ కావాల్సింది అదే. ఆవిరి కారకుండా పిస్టన్ గాడిలో చుట్టి ఉన్న పాత దారం పీకేశాడు. బల్ల మీది ఇనుప రజనులో పడున్న నూలు దారం అందుకుని, దులపనైనా దులపకుండా, రెండు చుట్లు చాలే చోట పళ్ళు కొరుకుతూ ఐదు చుట్లు బిగించాడు. మేస్త్రి నూనె బుడ్డి ముందుకు జరిపితే, బిగువు చేతకానివాడికి కదా నూనె అని పక్కకు నెట్టేశాడు. ఆవిరి వదిలారు. పిసరంత ఆవిరి కూడా బయటికి రాలేదు. చూశారా అన్నట్టు తలెగరేశాడు. చక్రం మాత్రం కదల్లేదు. ఒళ్ళు మండి చేత్తో పట్టి తిప్పాడు. కీచుమంటూ రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది.

విప్పి చూస్తే, దారానికి అంటుకున్న ఇనుప రజను సిలిండరు లోపల నిలువునా గీతలు పెట్టింది. జిలానీ పది రోజులు కూర్చుని అద్దంలా నున్నగా తీసిన ఇత్తడి అది. అయినా సింహాద్రి నోరు ఊరుకుంటేనా? మెత్తని ఇత్తడి వాడింది వాడే కదా, నా తప్పేముంది అన్నాడు.

అప్పుడు వచ్చింది మేస్త్రికి కోపం. ఆయన గొంతు పెరగడం శిష్యులెవరూ అంతవరకూ ఎరగరు.

"ఆవిరిని ఆపరా అంటే, పిస్టన్నే ఆపేశావు."

సింహాద్రి గీతల మీద వేలు పెట్టి చూశాడు. ఆ గీతలు పోయేలా మళ్ళీ నున్నగా తీయగల చెయ్యి ఆటోనగర్ మొత్తం మీద ఒక్కటే ఉంది. అది ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

మేస్త్రి సిలిండరును గుడ్డలో చుట్టి అతని చేతిలో పెట్టాడు. అతను గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచాడు.

"ఆ నూనె బుడ్డి కూడా పట్టుకెళ్ళు."