రాజుగారి కేక, అమ్మగారి కూర

మరీ వెనకటి కథేం కాదు, దివాణాలకు వైఫై వచ్చాక జరిగిందే. రాయపరాజుగారి చావిట్లో ఉన్న వైఫై పెట్టె మూరెడు మందం గోడలు దాటి వంటింటికి అందడం లేదు. తీగలు లాగే పైడితల్లి వచ్చి చూసింది. నడుమ రెండు చిన్న పెట్టెలు పెడితే ఒకదాని మాట ఒకటి అందుకుని చేరవేస్తాయంది.

రాజుగారు మీసం దువ్వారు. "ఈ ఇంటికి పెద్దను నేనొక్కణ్ణే. పెట్టె కూడా ఒక్కటే ఉండాలి. అన్నిట్లోకీ పెద్దది తెచ్చి పెట్టు. చేతకాకపోతే ఊళ్లో నీ పని ఇంకొకడికి ఇప్పిస్తా."

పైడితల్లి ఆ గోడలకేసి చూసింది. పెద్దది తెచ్చినా లాభం లేదు. ఆ మాట ఈయనకి చెప్పేదెలా?

"బాబూ, ఇవాళ కూరేంటో ఇక్కణ్ణుంచే వంటింట్లో ఉన్న అమ్మగారిని అడగండి" అంటూ వెళ్లి నడవా మధ్యలో నిలబడింది.

రాజుగారి అరుపుకి చూరులో పావురాలు లేచిపోయాయి. చావిట్లోకి మాత్రం జవాబు రాలేదు.

"అమ్మగారు విన్నారు బాబూ, బదులూ చెప్పారు. ఆవిడ గొంతే మీదాకా రాలేదు. ఫోనూ అంతే. పెట్టె ఎంత గట్టిగా అరిచినా, ఫోను చెప్పేది పెట్టెకి చేరొద్దా? నడుమ నాలాగా ఒకరు నిలబడాల్సిందే."

రాజుగారి చెయ్యి మీసం మీంచి జారింది. "ఇంతకీ ఏమంది?"

"కాకరకాయట బాబూ. ఇంకా..." పైడితల్లి నసిగింది. "ఈయన అరవడమే గానీ, ముప్పై ఏళ్లలో నా మాట ఒక్కటీ విన్నది లేదు, అన్నారు."

రాజుగారు వంటింటి వైపు వేలు చూపించారు.

"రెండు చాలవేమో. మూడు పెట్టు."