మణిగిరి కొలువులో ఏడాదికొక కబురు

మణిగిరి రాజు వీరకేతుడికి పొద్దున్నే కొలువులో నాలుగు కబుర్లు వినందే ఫలహారం సహించదు. ఆ కబుర్లు తెచ్చే పని ఇద్దరు వేగులది.

పేరయ్య ఊరూరా తిరిగి, కళ్ళారా చూసిందే చెప్పేవాడు. "గోగులపాటి వంతెన కింద రాళ్ళు కదిలాయి ప్రభూ" అంటే రాజు ఆవలించేవాడు. సోమరాయుడు మాత్రం రోజుకొక వింత మోసుకొచ్చేవాడు. రెండు తలల దూడ, చేపల వాన, మాట్లాడే గుమ్మడికాయ!

ఒకనాడు రాజుకు విసుగెత్తింది. "ఒక్క పనికి ఇద్దరెందుకు? రేపు అసలైన కొత్త కబురు తెచ్చినవాడికి ముత్యాలహారం. రెండోవాడు గుర్రపుసాలలో ఉలవలు ఉడకేస్తూ కూర్చోవాలి."

పేరయ్యకు దిగులు పట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా తనకు తెలిసిన పని ఇదొక్కటే. అలాగని అబద్ధమాడదామంటే నోరు పెగలదు.

మర్నాడు సోమరాయుడు మీసం దువ్వుతూ లేచాడు.

"ప్రభూ! తూర్పు కనుమల్లో ఏనుగు గుడ్డు పెట్టింది!"

సభ ఆహా అంది. రాజు ఇటు తిరిగాడు.

"నీ కబురేమిటి పేరయ్యా?"

"మన పట్టపుటేనుగు పొద్దున మేత మేసింది ప్రభూ."

సభ గొల్లుమంది. సోమరాయుడు పొట్ట పట్టుకున్నాడు.

"రోజూ జరిగేదీ ఒక కబురేనటయ్యా? ఎన్నడూ జరగనిది జరిగితే కదా కబురు!"

"అంతేనంటారా రాయుడుగారూ?"

"ముమ్మాటికీ అంతే!"

"అయితే ప్రభూ, రాయుడుగారి వింతలు మనం రోజూ వింటున్నవే. అవీ ఏనుగు మేతలాంటివే. ఈ కొలువులో ఎన్నడూ జరగనిది ఒక్కటే ఉంది.

ఆయన నోట నిజం రావడం!"

రాజు మీసాల చాటున నవ్వాడు. "రాయుడూ, నువ్వు చెప్పిన న్యాయమే. ఇప్పుడొక్క నిజం చెప్పావంటే దాన్ని మించిన కబురు లేదు. నీకు అభయం. చెప్పు."

సోమరాయుడి చూపు పళ్ళెంలోని హారం మీద వాలింది.

"ప్రభూ... ఈ ఏడాదంతా నేను కోట గుమ్మం దాటలేదు. అన్నీ మా ఇంటి అరుగు మీద కూర్చుని అల్లినవే!"

కునికిపాట్లు పడుతున్న మంత్రి కూడా నిటారుగా కూర్చున్నాడు.

"అబ్బో! ఏడాదికి ఒక కబురు విన్నాం!" అన్నాడు రాజు.

"మరి హారం నాదేగా ప్రభూ?" అంటూ సోమరాయుడు చెయ్యి చాచాడు.

పేరయ్య వినయంగా అడ్డుపడ్డాడు.

"చేపల వాన కబురు చెప్పిన రోజున ప్రభువులు మెచ్చుకున్నది మిమ్మల్నా, చేపలనా? బహుమానం కబురు పుట్టిన చోటుకి కాదు రాయుడుగారూ, తెచ్చినవాడికి. మీ నోట్లోంచి దాన్ని కొలువుకు తెచ్చింది నేను!"

రాజు కిరీటం జారేలా నవ్వాడు. సభంతా పగలబడి నవ్వుతుండగా, తానే సింహాసనం దిగి వచ్చి హారాన్ని పేరయ్య మెడలో వేశాడు.