నాంచారి ఎంగిలి

పైన చూసుకుంటా నడవండి. ఆ దూలం ఎప్పుడు పడుద్దో తెలవదు. బాగుచేస్తామని బోర్డు పెట్టి పోయినోళ్లు మళ్లీ రాలా. సరే, కూకోండి, చెప్తా.

రైలూ లేదు, బస్సూ లేదు, మా తాతల తాతలు కూడా పుట్టని కాలం. ఇది గుర్రబ్బండ్ల మజిలీ. టపా బండి ఇక్కడ ఆగేది. అలిసిన గుర్రాల్ని విప్పి వేరేవి కట్టేవోళ్లు. వాటికి నీళ్లు పెట్టే మనిషి నాంచారి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. గుర్రాలసాలలో ఓ మూలే ఇల్లు.

నీళ్ల గోలెంలో బొక్కెన ముంచి, ముందు తనో గుక్క నోట్లో పోసుకునేది. పుక్కిలించి ఉమ్మేది. ఆనక గుర్రానికి పెట్టేది.

బండి దిగినాయన చూసి, "ఛీ, ఎంగిలి నీళ్లా!" అన్నాడు.

"నోరులేనిది, బాగాలేదని చెప్పలేదు గదయ్యా," అంది నాంచారి.

బండి తోలే మస్తాన్ సాయిబు నవ్వాడు. "రేపు గోరుముద్దలు కూడా పెడతావేమే!"

"నోరులేనిది, బాగాలేదని చెప్పలేదు గద సాయిబూ."

మజిలీ జమేదారు మాత్రం నవ్వలా. "ఆ బొక్కెనే మళ్లీ గోలెంలో ముంచుతావు. మేం తాగేదీ ఆ నీళ్లే. ఇంకోసారి ఎంగిలి చేశావా, నీ మూట బయటికే."

"నోరులేనిది..." అనబోయి ఊరుకుంది. పొమ్మంటే ఎక్కడికి పోద్ది?

తెల్లారి బండొచ్చింది. జమేదారు చెంబు ముంచుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన అటు తిరగంగానే నాంచారి గబుక్కున గుక్క పోసుకుంది. అంతలోకే ఇటు తిరిగాడు. ఉమ్మితే దొరికిపోద్ది. మింగేసింది.

చేదు!

బొక్కెన తన్నేసింది. గుర్రం మూతి మీద ఒక్కటి చరిచింది. "తాగమాకండి! గోలెం నీళ్లు తాగమాకండి!" అని అరుస్తా జమేదారు చేతిలో చెంబు లాగి ఇసిరేసింది. ఆయన కొట్టబోయి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. ఆమె ఆయన కాళ్లకాడ పడిపోయింది.

టపా సంచీల కోసం దొంగలు గన్నేరుపప్పు నూరి కలిపారంట. గుర్రాలు బతికినయ్. బండిలో వాళ్లు బతికారు. జమేదారూ బతికాడు. నాంచారి పొద్దుగూకకముందే పోయింది.

జమేదారు ఆ నీళ్లు పారబోయించి, గోలెం తోమించాడంట. ఆనక తనే గోలెం కాడ నిలబడి, ముందు తాగి, వచ్చినోళ్లకి పోశాడంట.

అప్పట్నించీ ఈ మజిలీలో ఎంగిలి కాని నీళ్లు ఎవరూ ముట్టరు. పెళ్లోళ్లయినా అంతే, ఆఫీసర్లయినా అంతే. పోసేవోళ్లు ఓ గుక్క తాగి, "నాంచారి చూసింది" అని ఇస్తారు.

ఇదిగో, తాగా. నాంచారి చూసింది. మొహం అట్టా పెట్టమాకండి, పట్టుకోండి చెంబు.