ఖాళీ ఆకు పరిచిన ఇల్లు

అనగనగా ఒక రాజు. ఊఁ కొడుతూ వినండి, లేకపోతే చెప్పను. ఆ రాజుగారికి తొమ్మిది వాకిళ్ల కోట, కోటలో లెక్కలేనన్ని ఇళ్లు, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురి పేరు మంజీర. చిన్నప్పటి నుంచీ ఎవరికీ తలవంచే రకం కాదు.

ఆ కోటలో ఒక ఆచారం ఉండేది. పొద్దున్నే ప్రతి ఇంటివాళ్లూ లోపల వండినదాంట్లోంచి పిడికెడు తీసి, ఆకులో పెట్టి గడప బయట ఉంచాలి. కావలివాళ్లు చూసుకుంటూ పోతారు. తెలిసిన కూడైతే సరే. తెలియని కూడైతే ఆ ఇంట్లో దొంగ దూరినట్టే లెక్క. ఆకు ఖాళీగా ఉంటే ఏమిటో కోటలో పుట్టినవాళ్లకే తెలుసు.

ఏడు సముద్రాల అవతల, మంచు కురిసే దేశంలో కరాళుడనే మాంత్రికుడుండేవాడు. ఏ ఇంట్లో దూరితే ఆ ఇంటి పొయ్యి మీదే తనలాంటివాళ్లని వందమందిని వండేస్తాడు. ప్రాణం మాత్రం ఒక చిలకలో దాచుకుని వెంట తిప్పుకుంటాడు. వాడు రాజుగారికి కబురు పెట్టాడు. కోటనీ మంజీరనీ తనకివ్వకపోతే ఒక్క ప్రాణీ మిగలదన్నాడు. రాజుగారు దిగాలుపడ్డారు.

"రానివ్వండి నాన్నగారూ. ఈ కోట వాడిది కాదు, నేనూ వాడిదాన్ని కాను" అంది మంజీర.

పెద్దన్న తొమ్మిది వాకిళ్లూ మూయించాడు. గోడలో చిన్న పగులుంటే మాంత్రికుడు అందులోంచి దూరాడు. చిన్నన్న కత్తి దూసి అనుమానం వచ్చిన ప్రతివాడి మీదా పడ్డాడు. పాపం, పాలవాడి చెవి తెగింది. మాంత్రికుడు నవ్వుకుంటూ పక్క నుంచే పోయాడు. ఈలోగా వీధివీధినా జనం మంచాన పడ్డారు.

మూడోసారి మంజీర లేచింది. చలిదేశం వాడికి వేడి పడదని కోటంతా కుంపట్లు రాజేయించింది. ఒళ్లు కాలిపోతోందని జనం గోలపెట్టారు. రాజుగారే ఆర్పెయ్యమన్నారు. మనకెంత కష్టమో వాడికి అంతకు రెట్టింపని చెప్పి ఆమె ఒక్క కుంపటీ ఆర్పనివ్వలేదు.

మంజీర రోజూ బెల్లప్పలుకు వేసి పెంచిన చీమ ఒకటుంది. అది గునుగునా వచ్చి, ఇవాళ ఒక గడప ముందు తమకి మెతుకు కూడా దొరకలేదని ఫిర్యాదు చేసింది. అది అప్పాలమ్మే బొల్లమ్మ ఇల్లు. కోట కావలివాడు సింగన్న ఆమె కొడుకే.

జరిగింది ఇదీ. మాంత్రికుడు బొల్లమ్మ ఇంట్లోనే దూరాడు. తన కూడు బయటపడితే దొరికిపోతానని మాంత్రికుడు ఆకులో ఏమీ పెట్టొద్దన్నాడు. బొల్లమ్మ సరే నాయనా అని బుద్ధిగా ఖాళీ ఆకు పరిచింది. ఆ కోటలో ఖాళీ ఆకంటే, ఈ ఇల్లు చేయి దాటిపోయింది, మా గురించి ఆలోచించకుండా కాల్చెయ్యండి అని అర్థం. పరదేశి మాంత్రికుడికి ఇదెక్కడ తెలుస్తుంది?

మంజీర వెంట వచ్చిన సింగన్న తల్లి గడప ముందు కాగడా పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి వణుకుతోంది. లోపల నుంచి ముసలమ్మ గొంతు వినిపించింది.

"ఏరా సింగా, ఆకు చూశాక కూడా ఆలోచనేమిట్రా? అంటించు."

"అంటించు సింగన్నా. మీ అమ్మని తెచ్చే పూచీ నాది" అంది మంజీర.

సింగన్న కళ్లు తుడుచుకుని చూరుకి నిప్పు పెట్టాడు. మంజీర తలుపు తన్ని లోపలికి దూకింది. లోపల వందమంది మాంత్రికులు. ఒక్కడూ ఆమె వైపు తిరగలేదు. అందరూ ఒక పంజరం చుట్టూ చేరి, వేడికి సొమ్మసిల్లిన చిలకకి చెమటలు కక్కుతూ విసురుతున్నారు. ఆమె వాళ్లని తోసుకుని వెళ్లి చిలక మెడ విరిచేసింది. వందమందీ ఉన్నచోటే బూడిదయ్యారు. చూరు కూలేలోపు బొల్లమ్మని భుజాన వేసుకుని బయటికొచ్చింది.

జనం మంచాలు దిగారు. వరుడెవరమ్మా అని రాజుగారు అడిగితే, చెయ్యి వణికినా పని మానని సింగన్నే కావాలంది మంజీర. పెళ్లి విందులో అప్పాలన్నీ బొల్లమ్మే వండింది.

చిలక ఈకలు తొమ్మిది వాకిళ్లకీ కట్టించారు, కావలివాళ్లు మాంత్రికుడి వాసన మరిచిపోకుండా. ఏళ్లు గడిచాక కరాళుడి తమ్ముడు గాజులమ్మేవాడి వేషంలో వచ్చాడు. కాలు లోపల పెట్టకముందే కావలివాళ్లు వాసన పసిగట్టి పీకనొక్కేశారు. పెరుగన్నం తింటున్న మంజీర లేవను కూడా లేదు.

వాళ్లు చాలాకాలం ఏలారు, ఇంకా ఏలుతూనే ఉన్నారు. ఆ కోట ఎక్కడుందంటారా? ఈసారి మీకు జ్వరం వచ్చినప్పుడు గుండె మీద చెయ్యి వేసుకుని చూడండి. లోపల మంజీర కుంపట్లు రాజేయిస్తూ ఉంటుంది.